పచ్చ చొక్కాల పంచాయితీ

సంపూర్ణ సిస్టర్ అతన్ని మొదట కరెంటు మెకానిక్ అనుకుంది.

ఎవరని అడిగితే "ఫ్యాన్‌నమ్మా" అన్నాడు మరి. దొరగారి గదిలో సీలింగ్ ఫ్యాన్ కొన్నాళ్లుగా కిర్రుమంటోంది. ఆమె వెంటనే స్టూలు తెచ్చి వేసింది.

అతను స్టూలు ఎక్కలేదు. దాన్ని మంచం పక్కకు జరుపుకొని కూర్చున్నాడు.

"దొరగారూ, మీ పచ్చ చొక్కాలోళ్లు ఈ వారం గూడ పరువు తీసిండ్రు."

పీటర్ దొర కళ్లు తెరిచాడు.

భద్రాచలం దారిలోని ఆ మిషన్ దవాఖానాలో ఆయన వయసంతా డాక్టరుగా గడిచింది. ఇప్పుడు అక్కడే రోగి. గుండె బలహీనం. చూపు పోయింది. ముద్ద పెట్టాలంటే బతిమాలాలి. ఎవరితోనూ మాట్లాడడు.

అలాంటి మనిషి మోచేతుల మీద లేచాడు.

"ఏం తీసిండ్రురా ఇన్నయ్యా?"

ఇన్నయ్య కొత్తగూడెం బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో చదివాడు. అక్కడి పిల్లలకు దొర తన అమెరికా ఫుట్‌బాల్ నేర్పేవాడట. బంతి బొప్పాయికాయలా ఉంటుంది. పేరుకే ఫుట్‌బాల్, బంతిని చేత పట్టుకొనే పరుగెత్తాలి. ఆ ఆట ఇప్పుడు సోమవారం పొద్దున కేబుల్ టీవీలో వస్తోంది. అది చూసి, మంగళవారం బస్సెక్కి ఇన్నయ్య వచ్చేవాడు.

దొర సొంతూరి జట్టు పచ్చ చొక్కాలది. ఇన్నయ్య అభిప్రాయాలన్నీ ఆ జట్టు మీదే. బంతి విసిరేవాడికి గురి లేదన్నాడు. ముందు నిలబడి కాయాల్సిన భారీ మనుషులు పెళ్లి భోజనానికి వచ్చినట్టు నిలబడ్డారన్నాడు. బంతితో దాటితే పాయింట్లొచ్చే గీతకు జానెడు దూరంలో ఉండి కూడా, దూకమనకుండా బంతిని తన్నమన్న కోచ్‌ను ఇంటికి పంపాలన్నాడు.

"మా ఊరి మంచుల నువ్వు నిలబడ్తవారా? కోచ్ చేసిందే కరెక్టు."

"మంచు ఎదుటోళ్ల మీద పడలేదా దొరగారూ?"

దొర ముఖం ఎర్రబడింది. చాలాసేపు పంచాయితీ నడిచింది. ఇన్నయ్య వెళ్లాక కూడా దొర గొణుగుతూనే ఉన్నాడు. గొణుగుతూనే అన్నం తిన్నాడు.

సంపూర్ణ పెరిగిన బీపీ చూసింది. పళ్లెం చూడలేదు.

చలికాలమంతా ఇదే వరస. చివరకు ఒక మంగళవారం ఆమె ఇన్నయ్యను గుమ్మంలోనే ఆపేసింది.

"జబ్బు మనిషి మీద గెలిచి ఏం జేస్కుంటరు? ఇగ రాకండి."

ఇన్నయ్య వాదించలేదు. ఈ వారం ఆయన జట్టు గెలిచిందని, ఆ ఒక్క మాటా చెప్పి వెళ్తానని అడిగాడు.

"ఆ మాట నేను చెప్త లెండి" అంది సంపూర్ణ.

చెప్పింది కూడా.

"గెలిచిందా" అన్నాడు దొర. "ఇన్నయ్య ఏమన్నడు?"

"ఏమనలేదండి. వెళ్లిపోయిండు."

దొర గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ పూట పళ్లెం అలాగే వెనక్కి వచ్చింది. మర్నాడూ అంతే. బీపీ మాత్రం సరిగ్గా ఉంది.

వారం తిరగకముందే సంపూర్ణ కంగారుపడి, ఇన్నయ్య ఇంటి పక్కనున్న ఎస్‌టీడీ బూత్‌కు ఫోన్ చేసింది. అతను కూతురు మహిమను వెంటబెట్టుకొని బస్సు దిగేసరికి దొర నిద్రలోనే పోయాడు.

సమాధి దగ్గర్నుంచి అందరూ వెళ్లిపోయారు, సంపూర్ణ, మహిమ మాత్రం కొంచెం దూరంలో ఆగారు. ఇన్నయ్య ఒక్కడే కొత్త మట్టి పక్కన కూర్చొని ఏదో చెబుతున్నాడు. మధ్యలో "కోచ్" అనే మాట వినబడింది.

సంపూర్ణకు బాధ కలిగింది. కొంచెం విసుగూ కలిగింది. ఇప్పుడైనా వదిలెయ్యకూడదా అనుకుంది.

"మీ నాయనకు ఆ జట్టు మీద అంత కోపం ఎందుకమ్మా?" అని మహిమను అడిగింది.

మహిమ ఆశ్చర్యంగా చూసింది.

"కోపమా? 'నేను అవునంటే ముచ్చట ఆడికే అయిపోతది, కాదంటేనే దొర లేచి కూసుంటడు' అనేటోడు నాయన. పచ్చ చొక్కాలోళ్లు ఓడిన సోమవారం మా నాయన ఇంట్ల మెతుకు ముట్టేటోడు కాదు సిస్టర్."