అద్దం పై సగం

ఖాజాగూడ జిమ్‌లో నిలువెత్తు అద్దం కింది సగం ఎప్పుడూ తళతళలాడేది. పై సగం మీద దుమ్ము.

బార్ నెత్తి మీదికి ఎత్తిన ప్రతిసారీ రసజ్ఞకు తన చేతులు మసకగా కనబడేవి. ఆ విసుగంతా కొత్తగా హౌస్‌కీపింగ్‌లో చేరిన సాయిలు మీదికి మళ్ళేది.

"పైన కూడా తుడవొచ్చు కదండీ?"

"తుడుస్త బిడ్డా," అనేవాడు సాయిలు. మళ్ళీ భుజం ఎత్తు దాకా తుడిచి, బకెట్ తీసుకుని వెళ్ళిపోయేవాడు.

రసజ్ఞ జావెలిన్ విసురుతుంది. రాష్ట్ర జట్టు సెలెక్షన్‌కు ఇంకా పది రోజులే ఉన్నాయి. మూడేళ్ళుగా ఆ ఒక్క రోజు కోసమే ఎదురుచూస్తోంది.

ఆ ఉదయం నలభై కిలోలు ఎత్తి దించుతూ మొహం చిట్లించింది. నేల తుడుస్తున్న సాయిలు ఆగాడు.

"భుజం నొస్తుందా?"

"కొంచెం. పది రోజుల్లో సెలెక్షన్, ఎత్తితేనే కదండీ బలం వచ్చేది."

"వస్తది. కాదంటలేను. నొప్పి లేనప్పుడు ఎంతన్న ఎత్తు. గిప్పుడు ఎత్తితే బలం పది రోజులల్ల రాదు, పొయ్యేది మాత్రం గీ పూటనే పోతది. సెలెక్షన్ అయ్యేదాంక జర బార్‌ను భుజం దాటనియ్యకు."

రసజ్ఞకు ఒళ్ళు మండింది. కోచ్ చెప్పింది వినాలి, యూట్యూబ్ చెప్పింది వినాలి, ఇప్పుడు నేల తుడిచే ఆయన చెప్పింది కూడానా?

"ముందు ఆ అద్దం సంగతి చూడండి."

వెళ్తూ వెళ్తూ మేనేజర్‌కు కంప్లయింట్ రాసిచ్చింది. సలహా ఇచ్చాడని రాస్తే బాగుండదని అద్దం గురించే రాసింది.

మర్నాడు కొత్త మనిషి వచ్చాడు. అద్దం పైనుంచి కింది దాకా మెరిసింది.

ఐదో రోజున, నలభై ఐదు కిలోల బార్ నెత్తి మీద ఉండగా తన కుడిచెయ్యి వంగిపోవడం రసజ్ఞ అదే అద్దంలో స్పష్టంగా చూసింది.

డాక్టర్ ఉదయ్ భాస్కర్ స్కాన్ చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఈసారి సెలెక్షన్ మర్చిపో అమ్మా. ఆర్నెల్లు పడుతుంది. నొప్పితో ఎందుకెత్తావు?"

"ఒకాయన వద్దన్నారండి. నేనే వినలేదు." రసజ్ఞకు ఏడుపొచ్చింది.

"మా సాయిలన్న కూడా అంతే. కాలేజీలో నాకు బరువెత్తడం నేర్పింది ఆయనే. రెండుసార్లు నేషనల్ ఛాంపియన్. నీలాగే నొప్పితో సెలెక్షన్ ముందు ఎత్తాడు. అప్పట్నుంచి రెండు చేతులూ భుజాల పైకి లేవవు."

రసజ్ఞ ఏడుపు ఆగిపోయింది.

"ఇప్పుడెక్కడున్నారండి?"

"మా క్లినిక్‌లో ఆటగాళ్ళకు నేర్పమని అడుగుదామని నిన్న వెతుక్కుంటూ ఖాజాగూడ జిమ్‌కి వెళ్ళాను. పనిలోంచి తీసేశారట."

ఎందుకని రసజ్ఞ అడగలేదు. డాక్టరే చెప్పాడు.

"అద్దం పై సగం తుడవడం లేదని ఎవరో రాసిచ్చారట."