ఎవరి బిడ్డవు

"ఏ ఊరు పాపా మీది?"

ప్రొద్దుటూరు కాలేజీ లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చున్న దీవెనమ్మ ఉలిక్కిపడింది. పక్కన భుజాన కంబళితో ఒక ముసలాయన.

"మైదుకూరు," అంది తల తిప్పకుండా.

"నాయన పేరు?"

"దాసయ్య."

రెండూ అబద్ధాలే. ఎరగని మనిషికి ఊరూ, నాయన పేరూ చెప్పకూడదని ఫ్యాక్షన్ రోజుల్లో తల్లి సారమ్మ నేర్పిన జాగ్రత్త. ఆ రోజులు పోయినా నాలుక మారలేదు.

ముసలాయన కాసేపు నిలబడి, పక్క బల్ల దగ్గరి అమ్మాయి వైపు కదిలాడు.

దీవెనమ్మ మళ్లీ వెతుకులాటలో పడింది. పేరుకు పీహెచ్‌డీ. ఆమెకు కావలసింది ఒక్కటే. జమ్మలమడుగు పక్క పల్లెకు ఎన్నికల డ్యూటీకి పోయి, బాంబుదాడిలో చిక్కుకుని చనిపోయిన నాయన, బడిలో టీచరైన శుభాకర్ అయ్యవారు, ఆఖరు ఘడియలో ఏమన్నాడో. ఎవరైనా, ఎక్కడైనా, ఒక్క వాక్యం రాసి ఉండరా?

ఫ్యాక్షన్ అని కొడితే వేల వ్యాసాలు. అన్నీ ఏవేవో దేశాల పార్టీల తగాదాలు. పల్లె పేరు కొడితే ఒక్కటీ లేదు.

నెలలు గడిచాయి. ఆమె అవస్థ చూసి లైబ్రేరియన్ యూనుస్ కుర్చీ లాక్కున్నాడు.

"ఊరి పేరు కొడితే యాడ దొరుకుతాదమ్మా? చెప్పినోళ్లకు ముప్పని పేర్లన్నీ మార్చి రాస్తారు. జరిగిన సంగతి కొట్టు. మాటకూ మాటకూ నడమ ఇంగ్లీషులో అండ్ అని పెట్టు, అన్నీ ఉండేటివే వస్తాయి. ఆ ఏండ్లవి మాత్రమే ఉంచు."

రాయలసీమ, ఎన్నికలు, టీచరు, బాంబు. గుప్పెడు వ్యాసాలు మిగిలాయి.

ఒకదాంట్లో ఊరి పేరు వేరు, మనుషుల పేర్లు వేరు. సంగతి నాయనదే. బాంబులు వేసిన పార్టీ మనిషే ఒకడు వ్యాసం రాసినాయనకు ఇట్లా చెప్పుకున్నాడు: అయ్యవారి తల నా తొడమీద పెట్టుకుంటి. బిడ్డకు చెప్పమని ఒక మాట చెప్పి కన్ను మూసినాడు. ఆ మాట మీకు చెప్పను సార్, ఆ పాపకే చెప్తా.

దీవెనమ్మ ఆ నాలుగు వరుసలూ చదివి చదివి కళ్లు తుడుచుకుంది. వ్యాసం రాసిన ప్రొఫెసరు నంబరు యూనుసే సంపాదించి ఇచ్చాడు.

"సార్, నేను శుభాకర్ అయ్యవారి కూతుర్ని."

ముఖం ఎరగని మనిషికి ఆ మాట చెప్పడం ఆమెకు అదే మొదలు.

"నాకు ఆ సంగతి చెప్పిన కుళ్లాయప్ప పోయిన నెల చనిపోయాడమ్మా. నువ్వు ప్రొద్దుటూరులో చదువుతున్నావని విని, నడవలేని కాళ్లతో మీ లైబ్రరీకి వచ్చేవాడు. అయ్యవారి పేరెత్తడానికి అతనికీ భయమే, అందుకే కనబడిన ప్రతి ఆడపిల్లనూ ఏ ఊరని, నాయన పేరేమని మాత్రం అడిగేవాడట."