పదో అంకె

"అరే అత్తా, పెట్టీయ్ ఫోను. ఆడు దొంగ."

కోడలు జ్యోతిర్మయి ఫోన్ లాక్కుని కట్ చేసింది. పరాయి రాష్ట్రంలోని లాల్‌ఖదాన్ రైల్వే క్వార్టర్‌లో క్యాలెండరు మీద అంకెలు రాస్తున్న అప్పయమ్మ చెయ్యి తొమ్మిదో అంకె రాసి ఆగిపోయింది.

"పింఛను ఆగిపోద్దని బెదిరించాడా, లేదా? ఓటీపీ అడిగాడా, లేదా? స్టేషన్ దగ్గర దొంగ ఫోన్లు నమ్మొద్దని అంత బోర్డు పెట్టారు, కనబడలేదేటి?"

"అడిగినాడే. మన సీకాకుళం మాటలోనే అడిగినాడు. ఏ ఊరు నాయనా అన్నాను. ఏడిసీసినాడు. ఉద్యోగమని పరాయి దేశం తీసుకుపోయి, కొట్టి ఇలా ఫోన్లు సేయిస్తన్నారంట. ఆళ్లమ్మ నంబరు సెప్తన్నాడు."

వచ్చిన నంబరుకు చేస్తే కలవలేదు. దొంగను నమ్మొద్దని బోర్డు రాసినవాళ్లు, కొట్టి దొంగను చేసినవాడి సంగతి ఎక్కడా రాయలేదు.

ఆ తల్లి నంబరులో మిగిలింది ఒక్క అంకె. జ్యోతిర్మయి సున్నా నుంచి మొదలుపెట్టి ఒక్కో నంబరూ చేసింది. ఏడు దగ్గర అదే యాసలో ఒకామె పలికింది.

"అమ్మా, మీ అబ్బాయి పరాయి దేశంలో చిక్కుకుని..."

"మా ఓడి పేరు సెప్పి డబ్బులు లాగుతారేటి? నాకు తెలుసు మీ దొంగేసాలు."

ఫోన్ కట్టయింది. మళ్లీ ఎన్నిసార్లు చేసినా మోగలేదు.

ఆమె పల్లెలోనూ ఆ బోర్డు పెట్టినట్టున్నారు.