మాట చెప్పడం రాని ఆఫీసరు

"బూట్లిడువుండ్రి సారూ! పూజ కాడికి బూట్లతోని వస్తరా?"

సురేందర్ అరుపుకు బాయిలర్ షెడ్డంతా ఇటు తిరిగింది. హెచ్.ఆర్. ఆఫీసరు సాయిరాం మాత్రం వినిపించుకోలేదు. బూట్లు టకటకలాడించుకుంటూ నేరుగా వచ్చి, పసుపు కుంకుమలు పెట్టిన బాయిలర్ తలుపు ముందు నిలబడి చేతిలో కాగితం విప్పాడు. వెంట వచ్చిన గుమస్తా దూరంగా నిలబడి ఫోనులో వీడియో మొదలుపెట్టాడు. హెడ్డాఫీసుకు పంపాలట.

నవీపేట దారిలో ఉన్న ఆ చిన్న చక్కెర మిల్లులో ఏటా చెరకు ఆడే ముందు ఆ తలుపు దగ్గరే కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, ఆ మంటతోనే బాయిలర్ ముట్టిస్తారు. అది అంటుకుంటేనే రెండొందల అరవై ఇళ్లకు ఆ ఏడు తిండి. ఈసారి మిల్లును హైదరాబాదు వాళ్లెవరో కొన్నారు. నెల రోజులుగా అన్నీ పుకార్లే. అమ్మేస్తారట, కూల్చేస్తారట, ప్లాట్లు చేస్తారట. ఇవాళ షెడ్డులో అందరూ చేరింది ఒక్క మాట కోసం. మిల్లు నడుస్తుందా, లేదా?

"సంస్థ ప్రస్తుతం పునర్వ్యవస్థీకరణ దశలో ఉంది," అని చదివాడు సాయిరాం.

"అంటే?" అన్నాడు సురేందర్.

"మార్పులుంటాయి."

"ఏం మార్పులు? బాయిలర్ ముట్టిస్తరా, ముట్టియ్యరా?"

"సమయం వచ్చినప్పుడు తెలియజేస్తాం. అప్పటిదాకా ప్రశ్నలు అనవసరం."

బాయిలర్ మేస్త్రీ రామ్‌దాస్‌కు తల బాదుకోవాలనిపించింది. భయపడ్డ మనుషులతో మాట్లాడే తీరా ఇది? పోనీ పరాయివాడా అంటే కాదు. సాయిరాం తండ్రి ఆశన్న చనిపోయేదాకా ఇదే బాయిలర్‌లోకి రామ్‌దాస్ పక్కన నిలబడి చెరకు పిప్పి ఎగదోశాడు. ఈ పూజలో ప్రసాదం తింటూ పెరిగిన పిల్లవాడు. పెద్ద కాలేజీలో మనుషులతో ఎలా మాట్లాడాలో అదే చదివాడట. ఆ చదువంతా ఏ గంగలో కలిపాడో!

రామ్‌దాస్ పక్కకు వచ్చి సురేందర్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సురేందర్ అతనికి స్వయానా అల్లుడు, మిల్లులో ఫిట్టరు.

"సూడు సురేందర్, నిరుడు అవతలి జిల్లాల మిల్లోళ్లు అద్దాలు పలగ్గొట్టిండ్రు. తెల్లారేసరికి గేటుకు తాళం పడ్డది. కారణం లేకుండ ఊకెనే మూస్తనంటే లేబరాఫీసు ఒప్పుకోదు. మనం గడబిడ జేసినమంటే మాత్రం మన దిక్కు మాట్లాడేటోడు ఉండడు. ఎవలూ చెయ్యెత్తొద్దు."

"నేనెత్తను మామా. గాయనను జర సక్కగ మాట్లాడుమను."

రామ్‌దాస్ సాయిరాం దగ్గరికి నడిచాడు. "బిడ్డా, నీకు తెల్వకపోతే తెల్వదని చెప్పు, మేం ఇంటం. మంది గరం మీదున్నరు. సెక్యూరిటీ ఒక్కడు లేడు నీ ఎంబడి."

"నేనే పంపించేశాను," అన్నాడు సాయిరాం. "మనవాళ్ల మధ్య నాకు సెక్యూరిటీ ఎందుకు?"

ఆ మాటకు రామ్‌దాస్ మనసు కరిగిపోయింది. మంచితనం ఉంది, మాట తీరే రాలేదు పాపం అనుకున్నాడు.

సాయిరాం కాగితం మడిచి జేబులో పెట్టుకుని గొంతు పెంచాడు.

"పాత యంత్రాలూ, పాత మనుషులూ కంపెనీకి భారం. ఈ కొబ్బరికాయల కాలం అయిపోయింది."

అంటూనే తలుపు ముందు నేల మీద వెలుగుతున్న కర్పూరాన్ని బూటుకాలితో నలిపేశాడు. "షెడ్డులో మంట పెట్టకూడదు. రూలు."

అంతలో కొబ్బరికాయ ఒకటి ఎగిరొచ్చి సాయిరాం నుదుటికి తగిలింది. ఎవరు విసిరారో తెలియదు. నెత్తురు కంట్లోకి కారింది. ఆ తర్వాత ఆపేవాడు లేడు. చెయ్యెత్తనని మాటిచ్చిన సురేందరే కాలరు పట్టి అతన్ని ఇనుప తలుపుకేసి కొట్టాడు. ఇంకొకడు మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి పసుపులో పడింది. కిందపడ్డవాణ్ని డొక్కలో తన్నారు, వీపులో తన్నారు. నెల రోజులుగా నిద్రపట్టని భయమంతా ఆ కాళ్లలోకి దిగింది. పక్క గది అద్దాలు భళ్లున పగిలాయి. చీమను కూడా తొక్కని లింబయ్య ఇనుప రాడ్డు పైకెత్తాడు.

"లింబయ్యా, సస్తడు!"

రామ్‌దాస్ అడ్డం పడ్డాడు. రాడ్డు అతని మోచేతి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

"నన్ను సంపుండ్రి ముందుగాల! ఆశన్న కొడుకురా వీడు! మనమెత్తుకొని తిప్పిన పోరడు!"

లింబయ్య రాడ్డు వదిలేసి అక్కడే కూలబడి ఏడ్చాడు. సురేందర్ నెత్తురంటిన తన చేతుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు.

"మామా, నీ చెయ్యి..."

"నా చెయ్యి తర్వాత సూద్దాం. వీణ్ని ఆటోల ఎక్కియ్యి."

ఆటో బోధన్ వైపు పరిగెత్తింది. సాయిరాం తల రామ్‌దాస్ ఒళ్లో ఉంది. విరిగిన చేతికి తువ్వాలు చుట్టుకుని, రెండో చేత్తో రామ్‌దాస్ అతని మొహం తుడుస్తున్నాడు. ఆ నొప్పిలోనూ అతని భయం మిల్లు గురించే.

"తప్పు మాదే బిడ్డా. కాళ్లు మొక్కుత, మీ పెద్దసార్లకు నాలుగు మాటలు సర్ది చెప్పు. మిల్లు బందయితే రెండొందల అరవై ఇండ్లు కూలుతయ్. నువ్వు చెప్తే ఇంటరు."

సాయిరాం కళ్లలో నీళ్లు తిరిగాయి. వాచిన మోచేతిని మెల్లగా తాకాడు.

"నీకు తగలాల్సింది కాదు కాకా."

"నాదేముంది, మానుతది. నువ్వు బతికినవ్, గంతే చాలు."

సాయిరాం జేబులోంచి ఫోను తీశాడు.

"ఇంటికా బిడ్డా? అమ్మ బుగులు పడ్తది, మెల్లగ చెప్పు," అన్నాడు రామ్‌దాస్.

సాయిరాం ఫోను చెవికి ఆనించుకున్నాడు. చిట్లిన పెదవులతోనే, ప్రతి మాటా స్పష్టంగా పలికాడు.

"కొట్టారు సార్, ఇక గేటుకు తాళం వేయించండి."