రెండో వరుస ఎలుకలు

“రెండో వరుస ఎలుకల రక్తం రిపోర్టులు వచ్చాయా డయానమ్మా?” బోనుల్లో పొట్టు మారుస్తూ అడిగింది శౌరమ్మ.

విజయవాడలోని ఆ ఫార్మసీ కాలేజీలో ఎలుకల గదిని చూసుకునేది శౌరమ్మే. డయానా అక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయి. మొదటి వరుస ఎలుకలకు హెచ్‌ఐవీ మందు ఒక్కటే ఇస్తోంది. రెండో వరుసకు ఆ మందుతో పాటు తిప్పతీగ కషాయం కూడా పట్టిస్తోంది.

“వచ్చాయండీ. కషాయం తాగినవాటి రక్తంలో మందు సగమే ఉంది.”

శౌరమ్మ చేతులు ఆగాయి. “ఒంటికి మంచిదనేగా అందరూ తాగేది?”

“విడిగా మంచిదేనేమో. ఈ ఎలుకల్లో మాత్రం మందును నిలవనివ్వట్లేదు. మనుషుల్లో ఎలా ఉంటుందో ఇంకా తెలీదు.”

“మానేస్తే?”

“కొన్నిటికి పది రోజుల కిందట మానిపించాను. వాటిలో మందు మళ్లీ పెరిగింది.” డయానా ఆమె వైపు తిరిగింది. “ఈ ఎలుకల సంగతి మీరొక్కరే అడుగుతారండీ.”

“నాకు మాత్రం ఇంకెవరున్నారమ్మా మాట్లాడ్డానికి?”

మధ్యాహ్నం శౌరమ్మ మెట్ల మీద, డయానా లోపల బల్ల దగ్గర, ఎవరి కేరేజీ వాళ్లు విప్పుకున్నారు. రెండేళ్లుగా అంతే. ఒకరి కూర ఒకరికి వడ్డించింది లేదు. మొగుడు పోయిన దగ్గర్నుంచి శౌరమ్మ ఎవరి పక్కనా కూర్చుని తినడం మానేసింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లగానే పొయ్యి పక్కనున్న కషాయం గిన్నె తూములో ఒంపేసింది. బందరులో చుట్టాల్ని చూడాలని రాసి, మర్నాటికి సెలవు చీటీ పంపింది.

బందరులో ఆమెకు చుట్టాలెవరూ లేరు. అక్కడి పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిస్తారు. విజయవాడలోనూ ఇస్తారు గానీ, తెలిసినవాళ్లు కనబడతారన్న భయంతో తొమ్మిదేళ్లుగా అంత దూరం వెళ్తోంది. మందులు అయిపోవడానికి ఇంకా వారం ఉంది. ఈసారి ఆగలేకపోయింది.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తలెత్తేసరికి గుమ్మంలో డయానా.

శౌరమ్మ కొంగు ఇంకా పైకి లాక్కుంది. డయానా మెల్లగా వచ్చి పక్కనే కూర్చుంది.

“నా సెలవు చీటీ చూసి వచ్చారా అమ్మా?” శౌరమ్మ గొంతు తగ్గించి అడిగింది. “కాలేజీలో చెప్పకండి. బోనులు కూడా ముట్టుకోనివ్వరు.”

“చెప్పనండీ.”

“ఆ కషాయం నేనూ తాగాను. ఏడాది నుంచి. డాక్టరుగారికి చెప్పలేదు.”

“ఇవాళ చెప్పేయండి. తిట్టరు.”

తొమ్మిదేళ్లలో ఆ బెంచీ మీద ఆమె పక్కన తెలిసిన మనిషి కూర్చోవడం అదే మొదటిసారి. శౌరమ్మ కళ్లు తుడుచుకుని, కొంగు ముఖం మీంచి తీసేసింది.

“నాకోసం పని మానుకుని ఇంత దూరం వచ్చారు.”

డయానా ఆమె చెయ్యి పట్టుకుంది.

లోపల్నుంచి నర్సు డయానా పేరు పిలిచింది.