పక్క సీటు

"ఇంతకీ ఏది తీసుకుందాం? నిన్నటిదా, ఇదా?" అడిగి అడిగి వెర్నా గొంతు అలిసిపోయింది.

ఆమె భర్త హార్లన్, షోరూమువాళ్ళు నడిపి చూడమని ఇచ్చిన డీజిల్ పికప్‌కి ఆవుల ట్రైలర్ తగిలించి, గుట్ట దిగి తమ పశువుల రాంచ్ గేటు ముందు ఆపాడు.

"లాగే దమ్ము నిన్నటిదానికే ఎక్కువ కదా!"

"ఎక్కువే. కానీ దాన్లో సీటు ఎంత ముందుకు జరిపినా నీ కాలు బ్రేకుకు అందదు."

"నా కాలుతో నీకేం పని? నడిపేది నువ్వు. గేట్లు తీసి నీ బండి దుమ్ము తినేది నేను!"

మా వయోమింగ్‌లో డ్రైవరు పక్క సీటు వాళ్ళే దిగి గేటు తీయాలి, అది ఆనవాయితీ. వెర్నా విసుగ్గా తలుపు మీద చెయ్యి వేసింది.

"ఉండవే." ఇంజను ఆపకుండానే హార్లన్ దిగాడు. "నువ్విటు జరుగు."

"ఎందుకూ?"

"వచ్చే చలికాలం నుంచి నన్ను స్టీరింగు ముట్టొద్దన్నాడు కళ్ళ డాక్టరు."

వెర్నా స్టీరింగు ముందుకు జరిగి కూర్చుంది. కాలు బ్రేకుకు సరిగ్గా అందింది.

హార్లన్ గేటు తీసి, పట్టుకుని నిలబడ్డాడు. అతని మీద దుమ్ము పడకుండా ఆమె బండిని మెల్లగా, చాలా మెల్లగా లోపలికి పోనిచ్చింది.