గురువారంలోగా విమానం

బొమ్మ విమానం రెక్కలోని ఆరో పట్టీ పుటుక్కున విరిగింది. జలపతి వేళ్ళు అలాగే గాలిలో ఆగిపోయాయి. బెండులాంటి చెక్క, కాస్త గట్టిగా పట్టుకుంటే చాలు విరుగుతుంది. పదేళ్ళు షార్జాలో సెంట్రింగు పని చేసిన చేతులకు ఇంత సుతారం కొత్త.

"ఇరిగిందా?" అంది స్వరూప, చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూనే.

"ఇరిగింది."

"గురువారం దాక అయితదా మరి?"

"అయితది" అన్నాడు. అప్పటికే ఆదివారం మధ్యాహ్నం దాటింది.

ఆ విమానం పెట్టె ఎనిమిది నెలలుగా మంచం కింద పడి ఉంది. షార్జాలో శుక్రవారాలు ఎడారి అంచున కొందరు రిమోటుతో చిన్న విమానాలు ఎగరేస్తుంటే జలపతి దూరంగా నిలబడి చూసేవాడు. వారం వారం వచ్చి చూసే ఈ మనిషి ఇక ఇంటికి వెళ్ళిపోతున్నాడని తెలిసి, వాళ్ళలో ఒక పెద్దాయన విప్పని పెట్టె ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. లోపల చెక్క ముక్కలు, మోటారు, రిమోటు, మంచమంత నక్షా కాగితం. ఆ రోజే ఫోన్లో కూతురు శ్రీలతకు మాటిచ్చాడు. ఇద్దరం కలిసి చేద్దాం, మీ అమ్మ చూస్తుండగా ఎగరేద్దాం అని.

తీరా కోరుట్ల వచ్చాక పెట్టె విప్పబుద్ధి కాలేదు. నడుం నొప్పి, ఆసుపత్రులు, ఎండిపోయిన బోరు, చేతికి రాని పసుపు పంట. మనిషి మంచానికి అతుక్కుపోయాడు. కువైట్ వీసా వచ్చిందని ఏజెంటు ఫోన్ చేసిన సాయంత్రం మాత్రం ఎవరూ చెప్పకుండానే లేచి, దుమ్ము దులిపి పెట్టె బయటికి తీశాడు.

సోమవారం బ్యాటరీ కోసం జగిత్యాల వెళ్ళాడు. షాపాయన రెండు రోజులాగి రమ్మన్నాడు. గురువారం ప్రయాణముంది, ఇవ్వాళే కావాలని జలపతి బతిమాలాడు. ఎక్కడికని అడిగితే కువైట్ అన్నాడు. ఎన్నేళ్ళకని అడిగితే రెండేళ్ళన్నాడు. ఇంటి దగ్గర చూసుకునేవాళ్ళున్నారా అని ఆయన అడిగితే, ఉన్నారన్నాడు. షాపాయన ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళి బ్యాటరీ తెచ్చిచ్చాడు.

మంగళవారం రెక్కల మీద ఎర్రటి పల్చని ప్లాస్టిక్ పొరను ఇస్త్రీ పెట్టెతో అతికించాలి. జలపతి అతికిస్తే ముడతలు పడింది. స్వరూప చేట పక్కన పెట్టి, తునికాకు కత్తిరించే కత్తెరతోనే పొరను కొలతకు కోసి, ఒక్క ముడత లేకుండా సాపు చేసింది.

"ఇమానం పైకి లేస్తుంటే కడుపుల ఎట్లుంటది?" అని అడిగింది, తల ఎత్తకుండానే.

"ముందుగాల గుబులైతది. జర్రసేపటికి ఏం తెల్వది. చెవులు మూసుకపోతే గుటక మింగాలె."

స్వరూప తల ఊపింది.

శ్రీలత మాత్రం విమానం దగ్గరికి రావడమే మానేసింది. తోక అతికించేటప్పుడు పట్టుకోమని పిలిస్తే గడపలోనే నిలబడిపోయింది.

"గిది కాకపోతే గురువారం రాదా, బాపూ?"

జలపతి గమ్ము డబ్బా కింద పెట్టాడు. "గురువారం ఎట్లనన్న అస్తది బిడ్డా. గిదైతే ముగ్గురం కలిసి ఎగరేసినమని యాదికుంటది."

ఆ పిల్ల నెమ్మదిగా వచ్చి తోక పట్టుకుంది. గమ్ము ఆరేదాకా చెయ్యి కదల్చలేదు.

బుధవారం సాయంత్రం ముగ్గురూ ఊరి బయట మక్కజొన్న కోసిన చేనుకు వెళ్ళారు. మొదటిసారి విమానం కాస్త లేచి, తోక కిందికి వాలి నేలమీద చతికిలపడింది. వెనక బరువెక్కువైందని జలపతి గ్రహించాడు. ముక్కులో చిన్న ఇనుప ముక్క కూరి, రెక్కల కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తి చూశాడు. అటూ ఇటూ వాలకుండా నిలిచింది.

రెండోసారి అది నిజంగానే ఎగిరింది. కరెంటు తీగలకంటే ఎత్తుకు పోయి, ఎండలో ఎర్రగా మెరుస్తూ చేను చుట్టూ తిరిగింది. శ్రీలత దాని కింద పరుగెత్తింది. స్వరూప కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్నాళ్ళకో చూస్తున్న ఆ నవ్వు దగ్గరే జలపతి చూపు ఆగిపోయింది. రిమోటు సంగతి మరిచాడు. విమానం పక్కకు ఒరిగి మక్క మోళ్ళలో పడి, ఒక రెక్క చిరిగింది. ఎవరికీ బాధ కలగలేదు. చీకటి పడకముందే దాన్ని ఎత్తుకుని ఇల్లు చేరారు.

గురువారం పొద్దున కోరుట్ల బస్టాండుకు ముగ్గురూ ఆటోలో వచ్చారు. సూట్‌కేసులో బట్టలు, సకినాలు, మామిడికాయ తొక్కు. ఎయిర్‌పోర్టు దాకా అందరూ వెళ్తే ఏడుపు ఆగదని, ఇక్కడే విడిపోదామని ముందే అనుకున్నారు. శ్రీలత నడుమ నిలబడి ఇద్దరి చేతులూ పట్టుకుంది. హైదరాబాదు బస్సు వచ్చి ఆగింది. సూట్‌కేసు డిక్కీలోకి వెళ్ళింది. జాగ్రత్త అని ఒకరికొకరు రెండుసార్లు చెప్పుకున్నారు. కండక్టరు తొందరపెట్టాడు.

పాస్‌పోర్టున్న సంచి భుజానికి తగిలించుకుని, స్వరూప ఒక్కతే బస్సెక్కింది.